సైఫన్ పైపు మీద గేట్ వాల్వ్: చాలాకాలం వాడాక

పెద్ద రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టేవాళ్లు లైట్ల గురించి, నీటిలోని మురికిని నురగతో తీసే స్కిమ్మర్ గురించి పడే తపనలో సగం కూడా పైపుల గురించి పడరు. నా సెటప్ మొత్తంలో దేన్ని వదులుకోలేవని ఎవరైనా అడిగితే, నేను మాత్రం స్టాండు తలుపు తీసి, పైపులో నీటి ధారను సర్దే గేట్ వాల్వ్ చూపిస్తాను. లైటు పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఈ వాల్వ్ లేకుండా హాల్లో అంత నీటిని పెట్టుకుని రాత్రి నిద్రపోవడం నావల్ల కాదు.

నాది బీన్ యానిమల్ అనే పద్ధతి. ట్యాంకులోంచి పొంగే నీళ్లు చేరే ఓవర్‌ఫ్లో బాక్స్ నుంచి, కింద స్టాండులో ఉండే సంప్ అనే తొట్టిలోకి మూడు పైపులు దిగుతాయి. ఒకటి గాలి బుడగ లేకుండా నిండుగా పారే సైఫన్, రెండోది పలచటి ధార మాత్రమే జారే ఓపెన్ పైపు, మూడోది, మిగతావి నీళ్లు దించలేకపోతే ఆదుకునే ఎమర్జెన్సీ పైపు. వీటి లెక్కలు, కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా మాటంతా మొదటి పైపు మీదున్న వాల్వ్ గురించే.

అక్కడ బాల్ వాల్వ్ పెట్టినా పని జరుగుతుందని చాలామంది అంటారు. జరుగుతుంది, కానీ సరిగ్గా కుదరదు. బాల్ వాల్వ్ పావు చుట్టులో తెరిచిన స్థితి నుంచి పూర్తిగా మూసుకుపోతుంది. మనకు కావలసిన సర్దుబాటేమో వెంట్రుకవాసి. పిడి కొంచెం బిగుసుకుందంటే, గట్టిగా తోసినప్పుడు అనుకున్న చోటు దాటి పోతుంది. గేట్ వాల్వ్‌లో లోపలి పలక చుట్టు చుట్టుకీ కొద్దికొద్దిగా దిగుతుంది. చక్రాన్ని వేలితో కాస్త తిప్పి ఆగి చూస్తే, ఓవర్‌ఫ్లో బాక్స్‌లో నీటిమట్టం మెల్లగా పైకొచ్చి ఓ చోట నిలబడుతుంది. అప్పుడు రెండో పైపులోకి నీళ్లు దారంలా గోడ వెంబడే జారతాయి. గలగల అప్పటితో ఆగిపోతుంది. ఆ తర్వాత గదిలో వినపడేది స్కిమ్మర్ హోరు ఒక్కటే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటి నీళ్ల లైనుకు వాడే గేట్ వాల్వులు చాలావరకు ఇత్తడివి. ఇత్తడిలో రాగి ఉంటుంది, రాగి కరిగితే పగడాలు, రొయ్యలు, నత్తలు బతకవు. పూర్తిగా పీవీసీతో చేసినదే తీసుకోవాలి. దాన్ని పైపులో వీలైనంత కిందికి, చేయి తేలిగ్గా అందేచోట పెట్టాలి. వాల్వ్ పైనున్న పైపంతా నీటితో నిండి ఉంటుంది కాబట్టి, ఎంత కిందికి పెడితే అంత నిశ్శబ్దం. సైఫన్ పైపు కింది చివర మాత్రం సంప్ నీటిలో ఓ అంగుళం మునిగితే చాలు. మరీ లోతుగా ముంచితే కరెంటు పోయి వచ్చినప్పుడు పైపులో చేరిన గాలి బయటికి పోలేక సైఫన్ త్వరగా అందుకోదు.

మొదట నన్ను ఆకట్టుకున్నది నిశ్శబ్దమే. వాడగా వాడగా అంతకన్నా విలువైనది ఇంకొకటి తెలిసింది. ఒకసారి సరిగ్గా సెట్ చేశాక ఈ సిస్టమ్ చప్పుడు చేసిందంటే ఏదో చెబుతోందన్నమాట. రెండో పైపులో గలగల మొదలైతే సైఫన్ పైపు లోపల ఏదో పేరుకుంటోంది. అది తీసుకోలేని నీళ్లు పక్క పైపుకు వెళుతున్నాయి. అలా కాకుండా సైఫన్ మూతి దగ్గర జుర్రున పీల్చే శబ్దం వస్తే, సంప్ నీళ్లను తిరిగి ట్యాంకులోకి తోసే రిటర్న్ పంపు బలం తగ్గింది. పైకి వచ్చే నీళ్లు చాలక మట్టం పడిపోయి సైఫన్ గాలి లాగుతోంది. మీటర్లు, సెన్సర్లు ఏవీ లేకుండానే పైపు శుభ్రం చేయాలా, పంపు శుభ్రం చేయాలా అన్నది చెవికి తెలిసిపోతుంది. నాకు తెలిసి ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. నాకైతే వాల్వ్ అసలు విలువ ఇదే.

ఆ విలువ పూర్తిగా అర్థమైంది ఒక రాత్రి. అందరం పడుకున్నాక హాల్లోంచి టాయిలెట్ ఫ్లష్ చేసినట్టు శబ్దం. కాసేపు ఆగి మళ్లీ, ఇంకాసేపటికి మళ్లీ. లేచి టార్చి వేసి చూస్తే ఓవర్‌ఫ్లో బాక్స్‌లో నీళ్లు మెల్లగా పైకి లేస్తున్నాయి. రెండో పైపు మూతకు అమర్చిన సన్నటి గాలి గొట్టం కొస మునగగానే ఆ పైపుకు గాలి తెగిపోయి, అది కూడా సైఫన్‌గా మారి గబుక్కున నీళ్లు లాగేస్తోంది. మట్టం పడిపోగానే గొట్టం తేలుతుంది, గాలి దూరుతుంది, సైఫన్ తెగుతుంది, నీళ్లు మళ్లీ లేస్తాయి. ఇదే వరస. ఎమర్జెన్సీ పైపు అంచు దాకా నీళ్లు రానేలేదు. నేల మీద ఒక్క చుక్క లేదు.

అసలు పైపు ఎందుకు ఆగిందో చూద్దామని స్టాండు తలుపు తీసి గేట్ వాల్వ్‌ను పూర్తిగా తెరిచాను. టక్కుమని చిన్న చప్పుడు, దాని వెంటే సంప్‌లోకి ధారతో పాటు ఒక నత్త వచ్చి పడింది. ట్యాంకులోనే పుట్టిన ట్రోకస్ పిల్ల, వేలిగోరంత ఉంటుంది. పైనున్న జల్లెడ సందుల్లోంచి దూరి, పైపంతా ప్రయాణించి, పలక సగం దిగి ఉన్న సన్నటి సందులో ఇరుక్కుంది. టార్చి వెలుగులో చూస్తుండగానే గుల్లలోంచి మెత్తటి పాదం చాచి అద్దాన్ని పట్టుకుని నడక మొదలుపెట్టింది. దాన్ని తీసి ట్యాంకులో వదిలాను. వాల్వ్‌ను మళ్లీ పాత చోటికి తెచ్చి, మట్టం నిలబడేదాకా అక్కడే కూర్చున్నాను. ఓవర్‌ఫ్లో బాక్స్‌లో నీళ్లు ఎక్కువ నిలిచినంత సేపూ సంప్‌లో పంపు ఉండే అరలో మట్టం తగ్గి, మట్టం తగ్గినప్పుడల్లా దానంతటదే నీళ్లు పోసే ఆటో టాప్ ఆఫ్ కొంచెం మంచినీళ్లు పోసి ఉంటుంది. ఆ టెన్షన్‌తో పొద్దున లవణీయత చూశాను. ఎప్పటిలాగే 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు). బాక్స్ చిన్నది కావడం కలిసొచ్చింది.

ఈ కథ చెప్పాక ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ నత్త ఇరుక్కున్నది వాల్వ్‌లోనే. పైపులో అన్నిటికన్నా ఇరుకైన చోటు అదే. అది తప్పని షరతు, ఎందుకంటే ఇరుకు చేయకుండా సైఫన్‌ను పంపుకు సరిపోయేలా దిద్దడం కుదరదు. అందుకే మిగతా రెండు పైపులు లేకుండా ఈ వాల్వ్‌ను ఒంటరిగా ఎవరికీ సిఫార్సు చేయను.

ఒకసారి తిప్పి వదిలేస్తే చాలని అడిగినవాళ్లకల్లా చెప్పేవాణ్ణి. కొత్త పైపులకు అది నిజమే. చీకటి పైపుల లోపల స్పాంజులు, సున్నపు గొట్టాలు కట్టుకునే పురుగులు పెరుగుతాయి, దారి సన్నబడుతుంది, అప్పుడప్పుడు చక్రాన్ని ఇంకాస్త తెరవాల్సి వస్తుంది. చక్రం మీద, బాడీ మీద మార్కర్‌తో గీతలు పెట్టుకున్నాను. మొదటి చోటి నుంచి బాగా దూరం జరిగిందంటే పైపును కలిపే మరజోళ్లను, అంటే యూనియన్లను విప్పి, ఆ పైపు ముక్కను వెనిగర్‌లో నానబెట్టాల్సిన వేళ అయిందన్నట్టు. కాడ దగ్గర చెమ్మ ఊరి తెల్లటి ఉప్పు పెచ్చు కడుతుంది. తుడవకపోతే చక్రం బిగుసుకుంటుంది. పంపు వేగాన్ని పగలొకలా రాత్రొకలా మార్చేవాళ్లకు ఈ వాల్వ్ విసుగు తెప్పిస్తుంది, ఎందుకంటే అది ఒక్క వేగానికే సరిగ్గా కుదురుతుంది.

పనిలో పనిగా, నీళ్లను పైకి తెచ్చే రిటర్న్ లైను గురించి కూడా. పంపు ఆగితే ట్యాంకు నీళ్లు ఆ పైపులోంచే వెనక్కి దిగుతాయి. దాన్ని ఆపే చెక్ వాల్వ్ మీద నాకు నమ్మకం లేదు. దాని రెక్క మీద సున్నం పేరుకుంటే అది పూర్తిగా మూసుకోదు, కరెంటు పోయినప్పుడు గానీ ఆ సంగతి బయటపడదు. దాని బదులు రిటర్న్ నాజిల్‌ను నీటిమట్టానికి కాస్త కిందే ఉంచాను, మట్టం నాజిల్ దాకా దిగగానే గాలి దూరి ఆ వెనక్కి పారడం ఆగిపోతుంది. నా ట్యాంకు పైకొలత 180 బై 75 సెంటీమీటర్లు, అంటే ఒక్క సెంటీమీటరు దిగినా 13.5 లీటర్లు. నాజిల్ 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 40 లీటర్లు సంప్‌లోకి వస్తాయి, ఓవర్‌ఫ్లో బాక్స్‌లోవి, పైపుల్లోవి అదనం. ఆ నీళ్లన్నీ పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. పంపు ఆపి, నీళ్లు దిగడం ఆగాక గీత పెట్టుకుంటే సరిపోతుంది.

నా ట్యాంకు పడకగది గోడకు ఆనుకుని ఉంటుంది, నాకు నిద్ర పలచన. గాజు కోయించేటప్పుడే మూడు రంధ్రాలూ పెట్టించుకునే వీలు నాకుంది. స్టాండు కింద చేయి పెట్టి తిప్పడమంటే నాకు ఇష్టం కూడా. ఈ మూడూ ఉన్నవాళ్లకు రెండో ఆలోచన వద్దంటాను. రెండే రంధ్రాలున్న రెడీమేడ్ ట్యాంకైతే, ఒకటి సైఫన్‌కు, ఒకటి ఎమర్జెన్సీకి వాడే హెర్బీ పద్ధతిలో ఇదే వాల్వ్ పెట్టుకోవచ్చు, కాకపోతే ఇంకా తరచూ దిద్దుకోవాలి. చిన్న ట్యాంకు, చిన్న పంపు, ట్యాంకున్న గదిలో ఎవరూ పడుకోరు అనుకుంటే, నీళ్ల చప్పుడు మీకు ఇబ్బంది కాకపోతే, గాలి, నీళ్లు కలిసి దిగే మామూలు డర్సో పైపు ఒకటి, దాని పక్కన ఎమర్జెన్సీ పైపు ఒకటి చాలు. ఈ ఖర్చు, ఈ శ్రమ అక్కర్లేదు.