ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీలతో తొమ్మిదేళ్లు: లెడ్ యాసిడ్, లిథియం రెండూ వాడి చూశాక

మేడ్చల్ దగ్గర జాతీయ రహదారికి ఆనుకొని ఉన్న ఒక గోదాములో తొమ్మిదేళ్లుగా ఫోర్క్‌లిఫ్టుల మరమ్మతు, నిర్వహణ చూస్తున్నాను. ఈ కాలంలో రెండు టన్నుల సరుకు ఎత్తే మా బండ్లలో మూడు బ్యాటరీలను మొదటి నుంచీ దగ్గరుండి వాడాను. మొదటిది 48 వోల్టులు, 600 ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉన్న లెడ్ యాసిడ్ ట్యూబ్యులర్ (ప్లస్ ప్లేట్లు గొట్టాల రూపంలో ఉండే) బ్యాటరీ. అది మూడేళ్ల రెండు నెలలకే పనికిరాకుండా పోయింది. అదే బండిలో, అదే కంపెనీ నుంచి, అదే సామర్థ్యంతో తెచ్చి పెట్టిన రెండోది ఇప్పుడు ఆరో ఏట కూడా పూర్తి షిఫ్టు నడుస్తోంది. మూడోది లిథియం, రెండు షిఫ్టుల పని మొదలైనప్పుడు ఇంకో బండికి కొన్నాము, దానికి మూడేళ్లు నిండాయి. ఏ కంపెనీ బ్యాటరీ మంచిదని చాలామంది నన్ను అడుగుతుంటారు. ఒకే కంపెనీ సరుకు మా దగ్గర రెండు రకాలుగా నడిచిన సంగతి ముందు చెబితేనే ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

మొదటి బ్యాటరీ కథ ఇది. ఉదయం ఏడింటికి చార్జరు మీద పచ్చ దీపం చూసి తీసిన బండి, మధ్యాహ్నం రెండింటికల్లా బరువుతో ర్యాంపు ఎక్కలేక ఆగిపోయింది. మర్నాడు చార్జింగు పూర్తయి, బ్యాటరీ చల్లబడిన తరువాత, హైడ్రోమీటరు తీసుకొని బ్యాటరీలోని 24 సెల్స్‌లోనూ వరుసగా గ్రావిటీ (యాసిడ్ ద్రవం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, చార్జింగు తగ్గితే ఇదీ తగ్గుతుంది) చూస్తూ పోయాను. అన్నీ 1.270 అటూ ఇటూగా ఉండగా పదిహేడో సెల్ దగ్గర తేలియాడే గొట్టం అడుగుకు దిగిపోయింది, 1.190. టార్చి వేసి లోపలికి చూస్తే ద్రవం ప్లేట్ల కంటే వేలెడు కిందికి ఉంది, బయటపడిన ప్లేట్ల అంచుల మీద సున్నం వేసినట్టు తెల్లటి పొర కట్టి ఉంది. అదే సల్ఫేషన్. బ్యాటరీ ఖాళీ అయినప్పుడు ప్లేట్ల మీద ఏర్పడే లెడ్ సల్ఫేటు వెంటనే చార్జింగు పెడితే తిరిగి కరిగిపోతుంది కానీ, అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి ఆ మేరకు ప్లేటును చంపేస్తుంది. సెల్స్ అన్నీ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క సెల్ బలహీనపడితే మొత్తం బ్యాటరీ దాని స్థాయికే దిగిపోతుంది. ఆ సెల్ మార్పించినా మిగిలినవి కూడా ఒక్కొక్కటిగా వెనుకబడుతూ వచ్చాయి.

తప్పు బ్యాటరీది కాదు, మాది. నీళ్లు పోసే పనికి ఫలానా మనిషి అని లేదు, రిజిస్టరు లేదు. భోజనానికి వెళ్లేటప్పుడు అరగంట, సాయంత్రం టీ సమయంలో ఇంకో పావుగంట ప్లగ్గు తగిలించే అలవాటు ఆపరేటర్లకు ఉండేది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఈ అరకొర చార్జింగు మేలు చేయదు, వేడిని పెంచి ఆయుష్షును తగ్గిస్తుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు ఒక సంక్రాంతికి జరిగింది: చివరి లారీ లోడు చేసి, ఖాళీ బ్యాటరీని అలాగే వదిలి అందరూ ఊళ్లకు వెళ్లిపోయారు. ఐదో రోజు వచ్చి చార్జింగు పెట్టాము. ఆ బ్యాటరీ ఆ తరువాత మునుపటిలా ఎప్పుడూ పనిచేయలేదు.

రెండో బ్యాటరీ కొనేటప్పుడు ముందు లెక్క వేసుకున్నాను. 48 వోల్టులను 600తో గుణిస్తే 28,800 వాట్ అవర్లు, అంటే 28.8 యూనిట్ల విద్యుత్తు. అందులో 80 శాతానికి మించి వాడకూడదు కాబట్టి చేతికి వచ్చేది సుమారు 23 యూనిట్లు. మా బండి నికరంగా కదులుతూ, ఎత్తుతూ ఉన్న గంటకు దాదాపు నాలుగు యూనిట్లు తీసుకుంటుంది; అంటే ఐదున్నర, ఆరు గంటల అసలు పని. ఎనిమిది గంటల షిఫ్టులో బండి నికరంగా పనిచేసేది అంతే కనుక ఈ సామర్థ్యం మాకు సరిపోయింది. కొనే ముందు మీ బండి పనిచేసిన గంటలు చూపే అవర్ మీటరును వారం రోజులు రాసుకొని చూడండి, అమ్మేవాళ్లు చెప్పే అంకెల కంటే అదే నమ్మకమైన ఆధారం. సామర్థ్యం ఐదు గంటల డిశ్చార్జి (ఐదు గంటల్లో బ్యాటరీ ఖాళీ అయ్యే) లెక్కన చెబుతున్నారో లేదో కూడా అడగాలి, ఎందుకంటే నెమ్మదిగా డిశ్చార్జి చేసి కొలిస్తే అదే బ్యాటరీకి ఎక్కువ అంకె వస్తుంది. ఇంకొకటి, చార్జరు కరెంటు బ్యాటరీకి తగ్గట్టు ఉండాలి. మా 600 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 100 ఆంపియర్ల చార్జరు సరిగ్గా కుదిరింది.

ఇక నిర్వహణ. రెండో బ్యాటరీని ఇంతకాలం నిలబెట్టింది ముఖ్యంగా నీళ్ల విషయంలో పాటించిన క్రమశిక్షణే. ప్రతి శనివారం, చార్జింగు పూర్తయిన తరువాతే, డిస్టిల్డ్ వాటర్ పోస్తాము. చార్జింగుకు ముందే నిండా పోస్తే గ్యాసు బుడగలతో ద్రవం పొంగి పైకి వస్తుంది. అందులోని యాసిడ్ కారి ఇనుప తొట్టెను తినేస్తుంది. ప్లేట్లు బయటపడి కనిపిస్తే మాత్రం అవి మునిగేంత వరకు ముందే పోసి, మిగిలింది తరువాత నింపాలి. బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు ఎంత తేటగా కనిపించినా వద్దు, వాటిలోని క్లోరైడు, ఇనుము ప్లేట్లకు విషం. గ్రావిటీ తగ్గిందని పైనుంచి యాసిడ్ పోయడం అంతకంటే పెద్ద తప్పు. ఆవిరై పోయేది నీరే, యాసిడ్ కాదు. మా బ్యాటరీ మొదట్లో వారానికి నాలుగైదు లీటర్లు తాగేది. ఈ ఏడాది అది పెరిగింది, వయసు మీద పడుతోందనడానికి అది నాకు మొదటి సంకేతం.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. మే నెలలో రేకుల షెడ్డులో మధ్యాహ్నం పని ముగించుకొని వచ్చిన బ్యాటరీ లోపల ద్రవం 47 డిగ్రీలు చూపించిన రోజులున్నాయి. చార్జింగు నిండిన బ్యాటరీకి అంత వేడి మీద హైడ్రోమీటరు 1.250 చూపితే కంగారు పడనవసరం లేదు. 27 డిగ్రీల కంటే ఎక్కువగా ఉన్న ప్రతి పది డిగ్రీలకు 0.007 కలుపుకోవాలి, అంటే అసలు విలువ 1.264. కానీ ఆ వేడి ఆయుష్షును మాత్రం నిజంగానే తింటుంది. అందుకే ఎండాకాలంలో షిఫ్టు ముగిసిన వెంటనే చార్జింగు పెట్టకుండా రెండు గంటలు మూత ఎత్తి ఉంచి చల్లబరిచి, రాత్రి పెడుతున్నాము. చార్జింగు చివరి దశలో సెల్స్ హైడ్రోజన్ వదులుతాయి. గాలిలో అది నాలుగు శాతం చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. చార్జింగు గది తలుపులు మూసి పెట్టడం, పక్కన వెల్డింగు చేయడం, బీడీ వెలిగించడం ప్రాణాలతో చెలగాటమే.

లిథియం బ్యాటరీ మీద నాకు గౌరవం ఉంది, కొన్ని ఫిర్యాదులూ ఉన్నాయి. నీళ్లు లేవు, గ్రావిటీ లేదు, యాసిడ్ వాసన లేదు. భోజన విరామంలో ముప్పావు గంట ప్లగ్గు తగిలించినా దానికి ఏ హానీ లేదు, పైగా రెండో షిఫ్టు దాని మీదే గడుస్తోంది. ఈ పనికి లెడ్ యాసిడ్ అయితే రెండో బ్యాటరీ, దాన్ని ఎత్తి మార్చే ఏర్పాటు కావలసి వచ్చేది. కానీ బరువు సంగతి మరవకూడదు. ఫోర్క్‌లిఫ్టులో బ్యాటరీ వెనుక బరువుగా కూడా పనిచేస్తుంది. సుమారు తొమ్మిది వందల కిలోల పాత బ్యాటరీ స్థానంలో తేలికైన లిథియం పెట్టేటప్పుడు, బండి ప్లేటు మీద రాసిన కనీస బ్యాటరీ బరువు చూసి, తక్కువైన మేరకు ఇనుప దిమ్మలు చేర్చి తీరాలి, లేకపోతే ఎత్తిన సరుకుతో బండి ముందుకు ఒరిగిపోయే ప్రమాదం ఉంది. ఇక నా ఫిర్యాదు: ఒకసారి సమాచార కేబులు కనెక్టరు వదులై, బ్యాటరీ నియంత్రణ వ్యవస్థ కరెంటు ఆపేసింది. అమ్మిన సంస్థ నుంచి ఇంజనీరు రావడానికి రెండు రోజులు పట్టింది, అన్నాళ్లూ బండి మూలన నిలబడింది. లెడ్ యాసిడ్‌లో అయితే నా చేతిలోని మీటరుతోనే తప్పు పట్టుకోగలను. కాబట్టి లిథియం కొనేవాళ్లు ధర కంటే ముందు సర్వీసు ఎంత దూరంలో ఉందో రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఒక్క షిఫ్టు నడిచే బండికి ఇప్పటికీ నేను ట్యూబ్యులర్‌నే ఎంచుకుంటాను, కాకపోతే శనివారం నీళ్లు పోసే మనిషి పేరు రిజిస్టరులో ఉంటేనే. రెండు షిఫ్టులైతే లిథియం. ఆరో ఏట ఉన్న మా బ్యాటరీ వచ్చే వేసవి దాటుతుందని అనుకోవడం లేదు. దాన్ని పాత ఇనుము కొట్టు వాడికి కాకుండా, 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, కొత్తది తెచ్చే రోజునే అమ్మకందారు ద్వారా అనుమతి ఉన్న రీసైక్లర్‌కు చేరేలా ఇప్పుడే మాట తీసుకున్నాము. మొన్న శనివారం అన్ని సెల్స్ 1.255కు పైన ఉన్నాయి, ఒక్క తొమ్మిదోది 1.240 దగ్గర ఆగింది. ఆదివారం రాత్రి ఈక్వలైజింగు చార్జింగు (వెనుకబడ్డ సెల్స్‌ను మిగతావాటితో సమం చేసే అదనపు చార్జింగు) పెట్టి, సోమవారం పొద్దున దాన్ని మళ్లీ చూడాలి.