పొట్టివాళ్ల కోసమంటూ ‘తేలిక సెట్టు’ అంటగడుతున్నారు: చెన్నైలో ట్రైలర్ బెల్టులు కొనేవారు జాగ్రత్త

చెన్నైలో ఫ్లాట్‌బెడ్ ట్రైలర్‌కు (పక్క గోడలు, పైకప్పు లేని బండికి) సరుకు కట్టే బెల్టులు, గొలుసులు, కప్పే పట్టాలు (టార్పాలిన్లు) కొనబోయే అన్నలకు, తమ్ముళ్లకు, ఈ మధ్యనే ఈ పనిలోకి వస్తున్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. మీరు పొట్టిగా, సన్నగా ఉంటే కొట్టువాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి “మీలాంటి వాళ్ల కోసమే తేలిక సెట్టు తెప్పించాం” అంటాడు. ఆ మాట వినగానే అక్కడినుంచి వచ్చేయండి.

మాది సూళ్లూరుపేట. సొంత బండి, నేనే డ్రైవర్‌ని. ఎన్నూరు, మాధవరం వైపు నుంచి ఇనుప ప్లేట్లు, యంత్రాలు ఎక్కించుకుని తడ మీదుగా పైకి వెళ్తుంటాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 52 కిలోలు. కంటెయినర్ బండికి తలుపు మూసి సీలు వేస్తే సరిపోతుంది. ఫ్లాట్‌బెడ్‌కు అలా కుదరదు. బెల్టును సరుకు మీదుగా అవతలికి విసరాలి, రాచెట్ (పిడి ఆడిస్తే బెల్టును బిగించే మర) బిగించాలి, గొలుసు లాగాలి, పట్టా పైకెక్కించి పరవాలి, కొంత దూరం పోయాక ఆపి మళ్లీ బిగించాలి. సరుకు పెట్టే డెక్కే నా గడ్డం దాకా ఉంటుంది, సరుకు దానిపైన ఉంటుంది. కాబట్టి సామాను ఎంపిక మనలాంటి వారికి ఒళ్లు నిలబెట్టుకునే సంగతి.

ప్యారీస్ దగ్గర ఒక కొట్టులో 38 వేల రూపాయలకు ఈ సెట్టు నాకు అమ్మారు. 50 మిల్లీమీటర్ల బెల్టులు, 8 మిల్లీమీటర్ల గొలుసులు, వాటిని బిగించే లీవర్లు, 40 అడుగుల పట్టా ఒకటి. బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని రాసిన కాగితం చేతిలో పెట్టి, జీఎస్టీ బిల్లు వాట్సాప్‌లో పంపుతామన్నారు. అది ఈ రోజుకీ రాలేదు.

అసలు మోసం ‘తేలిక’ అన్న దానిలోనే ఉంది. రాచెట్ తేలిగ్గా ఉండటానికి కారణం దాని పిడి పొట్టిది కావడమే. పిడి ఎంత పొట్టిదైతే బిగించడానికి అంత బలం కావాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12195-2 ప్రకారం చేసిన పాలిస్టర్ బెల్టుకు నీలం చీటీ కుట్టి ఉంటుంది. దానిమీద ఎల్‌సీ అన్న అంకె బెల్టు ఎంత లాగుడు తట్టుకుంటుందో చెబుతుంది. అందరూ చూసేది అదొక్కటే. దాని పక్కన ఎస్‌హెచ్‌ఎఫ్ (పిడి మీద చేత్తో పెట్టే బలం) 50 అనీ, ఎస్‌టీఎఫ్ ఇంత అనీ ఉంటుంది. పిడి మీద మీరు 50 కిలోల బలం పెడితే బెల్టులో ఎంత బిగువు వస్తుందన్నదే ఎస్‌టీఎఫ్. సరుకు మీదుగా వేసిన బెల్టు సరుకును కిందికి నొక్కి పట్టేది ఈ బిగువుతోనే. పొట్టి పిడి రాచెట్‌లో ఈ అంకె 300 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, పొడవు పిడి దానిలో 500 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 50 కిలోలంటే దాదాపు నా ఒంటి బరువు! పొట్టి పిడిని పైకి తోయడానికి అంత బలం నా చేతుల్లో ఎక్కడినుంచి వస్తుంది? పొడవు పిడి రాచెట్లలో కిందికి లాగి బిగించే రకం ఉంది. దానికి వేలాడితే చాలు, మన బరువే పని చేస్తుంది. బెల్టుకు బిగువు ఎక్కువ వస్తే వేయాల్సిన బెల్టులూ తగ్గుతాయి. మనలాంటి వారికి కావలసింది అది. చేతిలో కాస్త బరువున్నా అదే కొనండి.

తడ దాటాక టీ కొట్టు దగ్గర ఆపి బెల్టులు చూసుకుంటే, ఒకదానికి కొక్కెం దగ్గర కుట్టు లేచిపోయింది. దారం పోగులు పైకి వచ్చి, నాలుగు వరుసల కుట్టులో రెండు విడిపోయాయి. దాని కింద ఇనుప ప్లేట్లు. గట్టిగా బ్రేకు వేస్తే సరుకు బరువులో 80 శాతం బలం దాన్ని ముందుకు తోస్తుందని లెక్క కట్టి మరీ కట్టాలి, ముందున్నది నా క్యాబిన్. బెల్టు మీద ‘5 టన్నులు’ అని రంగుతో అచ్చు వేశారు తప్ప ఎల్‌సీ లేదు, ఎస్‌టీఎఫ్ లేదు, తయారీదారు పేరు లేదు.

గొలుసుల సంగతీ అంతే. గ్రేడ్ 80 (గట్టి ఉక్కు రకం) గొలుసు అయితే కొన్ని లింకులకు ఒకసారి 8 అనో 80 అనో ముద్ర ఉంటుంది. 8 మిల్లీమీటర్లది కూడా 4 టన్నుల లాగుడు తట్టుకుంటుంది, నాలుగు మీటర్లు ఆరు కిలోలకు లోపే తూగుతుంది. 13 మిల్లీమీటర్లది అదే పొడవు పదిహేను కిలోలు. అందుకే సన్న గొలుసు మనకు నిజంగా మేలు, కానీ ముద్ర ఉంటేనే. నాకిచ్చిన వాటిలో ఒక్క లింకు మీదా ముద్ర లేదు. ఇక లీవరు, విప్పుతుంటే పిడి గుర్రంలా వెనక్కి తన్ని ముంజేయి కమిలిపోయింది. బిగువంతా ఆ పిడిలోనే దాగి ఉంటుంది. దానికి పైపు తొడిగి బిగించమని కొట్టులో చెప్పిన సలహా ప్రాణాంతకం. గొలుసుకు రాచెట్ బిగింపు కొనండి. నిదానంగా తిరుగుతుంది గాని తన్నదు.

పట్టా విషయంలో జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె) అడగండి. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న 650 జీఎస్ఎం పట్టా పొడిగా ఉన్నప్పుడే 47 కిలోలు. ఒకే పట్టా వద్దు, రెండు ముక్కలు తీసుకోండి. మొదట బండి వెనక వైపు ముక్క పరిచి, తర్వాత ముందు వైపు ముక్క దానిమీదకు వచ్చేలా వేస్తే గాలి దూరదు.

తిరిగి ఇవ్వబోతే కొట్టువాడు అన్న మాట నాకింకా మండుతోంది: “బెల్టు బాగానే ఉంది, నీ చేతిలోనే బలం లేదు. ఈ పనికి నీలాంటి వాళ్లు రాకూడదు.” నాకంటే బలవంతుడు లాగి ఉంటే ఆ కుట్టు ఇంకా ముందే తెగేది కదా! నాసిరకం సరుకు అమ్మి, తప్పును మన ఒంటి మీదకు నెడుతున్నారు. ఆ మాటకు సిగ్గుపడి ఎంతమంది నోరు మూసుకుని వెళ్లిపోయారో.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీకు హక్కు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సొంతంగా పని చేసుకుని బతుకుతెరువు కోసం కొన్నవారు కూడా వినియోగదారులే. మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే 2 సంవత్సరాల లోపు కేసు వేయవచ్చు. ఇలాంటి ముద్ర లేని సెట్టు మీ దగ్గరా ఉంటే ఈ రోజే వాడటం ఆపండి. కానీ కోసి పారేయవద్దు. కుట్టు, చీటీ కనిపించేలా ఫోటోలు తీసి, డబ్బు పంపిన రసీదుతో కలిపి దాచండి. జీఎస్టీ బిల్లు లేకపోయినా కమిషన్ ముందు పెట్టడానికి అవే సాక్ష్యాలు.