లింక్డ్‌ఇన్ జాబ్స్ రివ్యూ: వెతకడానికి భేష్, అప్లై చేయడానికి అంతంతమాత్రం

ఉద్యోగాలు వెతికిపెట్టే సైటుగా లింక్డ్‌ఇన్‌కు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. చిక్కంతా అప్లై చేసే దగ్గరే. 2003లో ఇది పరిచయాల సైటుగా మొదలైంది, 2016లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. ఇప్పటికీ దీని అసలు బలం పరిచయాలే. అది పట్టించుకోకుండా రోజుకు యాభై చోట్ల ఈజీ అప్లై (బయటి సైటుకు వెళ్లకుండా లింక్డ్‌ఇన్‌లోనే అప్లికేషన్ పంపే బటన్) నొక్కేవాళ్ల ఇన్‌బాక్సులో చివరికి ఆటోమేటిక్ మెయిళ్లే మిగులుతాయి.

ముందు సెర్చ్ సంగతి. హోదా పేరు కొట్టి ఎంటర్ నొక్కితే వచ్చే లిస్టు మామూలుగా "మోస్ట్ రెలవెంట్" వరసలో ఉంటుంది. అందులో కంపెనీలు డబ్బు కట్టి పైకి తెప్పించుకున్న "ప్రమోటెడ్" ప్రకటనలు కూడా కలిసి ఉంటాయి. దాన్ని "మోస్ట్ రీసెంట్"కి మార్చి, డేట్ పోస్టెడ్ ఫిల్టర్‌లో గత 24 గంటలు ఎంచుకోవాలి. బ్రౌజర్‌లో చూసేవాళ్లకు ఇంకో వెసులుబాటుంది. ఆ ఫిల్టర్ పెట్టాక అడ్రస్ బార్‌లో 86400 అనే అంకె కనిపిస్తుంది. 24 గంటలకు లెక్కగట్టిన సెకన్లు అవి. దాన్ని 7200 చేసి ఎంటర్ కొడితే గత రెండు గంటల్లో పడ్డవి మాత్రమే వస్తాయి. సైటు అధికారికంగా ఇచ్చిన సదుపాయం కాదు కాబట్టి ఏ రోజైనా పనిచేయడం మానేయొచ్చు. పనిచేసినన్నాళ్లూ దీన్ని మించిన ఫిల్టర్ లేదు.

ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. ఒకచోట డేటా అనలిస్ట్, ఇంకోచోట రిపోర్టింగ్ అనలిస్ట్. రెండు పేర్లనూ విడివిడిగా కొటేషన్ గుర్తుల్లో పెట్టి, మధ్యలో "ఆర్" (OR) అనే ఇంగ్లిషు మాటను పెద్దక్షరాల్లో టైప్ చేయాలి. సీనియర్ పోస్టులు వద్దనుకుంటే "నాట్" (NOT) అని, అదీ పెద్దక్షరాల్లోనే, కొట్టి పక్కన సీనియర్ అని రాయాలి. రెండు మూడు షరతులు కలిపినప్పుడు బ్రాకెట్లు తప్పనిసరి, లేకపోతే లిస్టు గందరగోళంగా వస్తుంది. నక్షత్రం గుర్తు పెట్టి సగం మాటతో వెతకడం ఇక్కడ కుదరదు. సెర్చ్ కుదిరాక దాని మీదే జాబ్ అలర్ట్ పెట్టి, రోజువారీకి మార్చుకోవాలి. వారానికోసారి వచ్చే అలర్ట్ చేతికందేసరికి మంచి పోస్టులకు అప్లికేషన్లు వెల్లువెత్తి ఉంటాయి.

"రీపోస్టెడ్" అని ఉన్నవాటి మీద కన్నేసి ఉంచండి. పాత ప్రకటననే మళ్లీ పైకి తెచ్చారన్నమాట. అది కంపెనీ సొంత సైటులో కూడా ఉందో లేదో చూసుకున్నాకే సమయం పెట్టడం మేలు. "వందకు పైగా అప్లికెంట్లు" అన్న లెక్క చూసి మాత్రం వెనక్కి తగ్గక్కర్లేదు. బయటి సైటుకు తీసుకెళ్లే పోస్టుల్లో అప్లై బటన్ నొక్కినవాళ్లందరూ ఆ లెక్కలో పడతారు, ఫారం పూర్తిచేసినా చేయకపోయినా.

ఇక ఈజీ అప్లై. సులువే, కానీ ఒకసారి పంపాక దిద్దడానికి లేదు. పాత రెజ్యూమెలను సైటు దాచి ఉంచుతుంది, చివరగా వాడిన ఫైలు ముందే ఎంపికై ఉంటుంది. తొందరలో ఒక కంపెనీ కోసం దిద్దిన రెజ్యూమె ఇంకో కంపెనీకి పోయేది ఇక్కడే. సబ్మిట్‌కు ముందు వచ్చే రివ్యూ పేజీలో ఫైలు పేరు చదవండి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడే హోదా, నెల కలిపితే గుర్తుపట్టడం తేలిక. అప్లై చేసేటప్పుడు కంపెనీ అడిగే స్క్రీనింగ్ ప్రశ్నలను కూడా ఆషామాషీగా తీసుకోకూడదు. "ఈ టూల్‌లో ఎన్నేళ్ల అనుభవం" అన్నచోట కంపెనీ తప్పనిసరి అని పెట్టుకున్న అంకెకు తక్కువ రాస్తే, రెజ్యూమె ఎవరూ తెరవకుండానే పక్కకు పోవచ్చు. అలాగని ఎక్కువ రాస్తే ఇంటర్వ్యూలో దొరికిపోతారు. ప్రకటన కింద కంపెనీ సైటు లింకు లేకపోయినా, ఆ కంపెనీ కెరీర్స్ పేజీకి వెళ్లి అక్కడ అదే పోస్టు ఉంటే అక్కడే అప్లై చేయడం నయం.

రెజ్యూమె పీడీఎఫ్‌ను కంపెనీల సాఫ్ట్‌వేర్ సరిగ్గా చదువుతుందో లేదో తేల్చుకోవడానికి నిమిషం చాలు. ఫైలు తెరిచి మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. రెండు కాలమ్‌ల డిజైన్ అయితే ఎడమవైపు స్కిల్స్ వెళ్లి కుడివైపు ఉద్యోగ తేదీల మధ్యలో ఇరుక్కోవడం అక్కడే బయటపడుతుంది. అసలేమీ పేస్ట్ కాలేదంటే అది అక్షరాల ఫైలు కాదు, బొమ్మ.

ప్రొఫైల్‌లో పేరు కింద కనిపించే హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు ఇస్తారు. ఫోన్‌లో చూసేవాళ్లకు మొదటి ముక్కే కనబడుతుంది కాబట్టి కావలసిన హోదా ముందు రావాలి. ఉద్యోగం వెతుకుతున్నానని తెలిపే "ఓపెన్ టు వర్క్"లో ఐదు హోదాలు పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు "రిక్రూటర్స్ ఓన్లీ" ఎంచుకోవాలి. అది మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తుందే గానీ పూర్తి గ్యారంటీ ఇవ్వదు. మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే బయటి ఏజెన్సీల కంట పడే అవకాశం ఎలాగూ ఉంటుంది.

ఈ సైటు విలువంతా ప్రకటన పేజీలో, ఆ కంపెనీలో మీకు తెలిసినవాళ్లను చూపించే చోట ఉంది. కనెక్షన్ రిక్వెస్టుతో పంపే నోటుకు ఉచిత ఖాతాలో చోటు తక్కువ, నెలకు ఇన్నే అనే పరిమితి కూడా ఉంది. అందుకే పొగడ్తలు మాని సూటిగా రాయాలి: "నమస్తే అండీ. మీ టీమ్‌లో రిపోర్టింగ్ అనలిస్ట్ పోస్టు చూశాను. ఎస్‌క్యూఎల్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. పని ఎలా ఉంటుందో రెండు ప్రశ్నలు అడగవచ్చా?" మొదటి నోటులోనే రిఫరల్ (కంపెనీలో మీ పేరు సిఫార్సు చేయమని) అడిగితే చాలామంది జవాబివ్వరు.

ప్రీమియం కెరీర్ ప్లాన్ డబ్బు పెట్టి కొనేంతది కాదు. నెలకు ఐదు ఇన్‌మెయిల్ (కనెక్షన్‌లో లేనివాళ్లకు నేరుగా పంపే మెసేజ్) క్రెడిట్లు, ఇతర అప్లికెంట్లతో పోలిక, ప్రొఫైల్ చూసినవాళ్ల లిస్టు వస్తాయి. వీటిలో ఇన్‌మెయిలే పనికొచ్చేది, 90 రోజుల్లోపు జవాబొస్తే ఆ క్రెడిట్ తిరిగొస్తుంది కూడా. ఉచిత ట్రయల్ చూపిస్తే ఇంటర్వ్యూల వేట ముమ్మరంగా సాగే నెల కోసం దాన్ని దాచుకుని, రెన్యువల్ తేదీకి కనీసం ఒక రోజు ముందు క్యాన్సిల్ చేసేయండి.