కోడాన్ పట్టికా, కోడాన్ చక్రమా: ఏది మేలు?

నీట్‌కు సిద్ధమయ్యే అనంతపురం బైపీసీ విద్యార్థులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది: ఎంఆర్ఎన్ఏ (జన్యువు సందేశాన్ని మోసే అణువు) వరుసను ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలుగా మార్చడానికి గళ్ల పట్టిక పట్టుకోవాలా, గుండ్రటి చక్రమా? రెండింటిలోనూ ఉన్నవి అవే 64 కోడాన్లు (యూ, సీ, ఏ, జీ అనే క్షారాలు మూడేసి చొప్పున కలిసిన సంకేతాలు) కనుక జవాబు మారదు; ఏది చూస్తే ఏం బోధపడుతుందన్నదే తేడా.

చక్రం చదవడం తేలిక. నడుమ మొదటి క్షారం, తర్వాతి వలయాల్లో రెండవది, మూడవది, అంచున అమైనో ఆమ్లం ఉంటాయి; లోపలి నుంచి బయటికి వెళితే చాలు. పట్టికలో మూడు అంచులు (ఎడమన మొదటి క్షారం, పైన రెండవది, కుడిన మూడవది) చూడాలి కాబట్టి, కొత్తవారు అడ్డువరుసనూ నిలువువరుసనూ తారుమారు చేసి, హిస్టిడిన్‌నిచ్చే సీఏయూ బదులు త్రియోనిన్‌నిచ్చే ఏసీయూ దగ్గర ఆగుతుంటారు.

అయినా నేను పట్టికవైపే మొగ్గుతాను. కారణం రెండవ క్షారం. పట్టికలో యూ నిలువువరుస పొడవునా ఫినైల్ అలనిన్, ల్యూసిన్, ఐసోల్యూసిన్, మెథియోనిన్, వాలిన్ ఉంటాయి. ఇవన్నీ నీటికి ఎడంగా ఉండేవే. ‘ఏ’ క్షారపు నిలువువరుసలో రెండు స్టాప్ కోడాన్లు (ప్రోటీన్ తయారీని ఆపే సంకేతాలు) పోగా లైసిన్, గ్లుటామిక్ ఆమ్లం వంటి, చాలావరకు నీటితో కలిసే ఆమ్లాలు కనిపిస్తాయి. చక్రంలో ఈ వరుసలు నాలుగు ముక్కలై నాలుగు దిక్కులకు చెదిరిపోతాయి.

దీని విలువ హీమోగ్లోబిన్‌లో భాగమైన బీటా గ్లోబిన్ ప్రోటీన్ దగ్గర తెలుస్తుంది. దాని సందేశం ఏయూజీ, జీయూజీ, సీఏయూ, సీయూజీ, ఏసీయూ, సీసీయూ, జీఏజీ అని మొదలవుతుంది. ఆ చివరి జీఏజీలో మూడవ క్షారం మారి జీఏఏ అయినా గ్లుటామిక్ ఆమ్లమే వస్తుంది, అదే గడిలో ఉన్నాం. నడిమి ‘ఏ’ పోయి ‘యూ’ వస్తే మాత్రం అదే అడ్డువరుసలో నీటిని కోరే వరుస నుంచి నీటిని వదిలించుకునే వరుసకు, అంటే వాలిన్‌కు చేరుతాం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అంటుకుని, ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది; ఇదే సికిల్ సెల్ వ్యాధి. ఇంత పెద్ద జబ్బుకు మూలం పట్టికలో కంటికి కనబడుతుంది.

కోడాన్లన్నీ బట్టీ పట్టడం వృథా శ్రమ. ప్రారంభ కోడాన్ ఏయూజీ, మూడు స్టాప్ కోడాన్లు గుర్తుంటే చాలు. ఆరు చట్రాల్లోనూ (వరుసను మూడేసి క్షారాలుగా విడదీసి చదవగల ఆరు విధాల్లోనూ) ఒకేసారి అనువదించే సాఫ్ట్‌వేర్ పొడవైన వరుసలకు మంచిదే గాని పరీక్ష హాల్లో దొరకదు. చదివే క్రమం అలవాటయ్యేదాకా చక్రం వాడండి, ఆ తర్వాత పట్టికకు మారండి.