సీటీసీలో పాత ర్యామ్ కావాలంటే ఈ షాపే

పెంటియం 3 అనే పాత ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్ మీద విండోస్ 98 గేములు ఆడే పిచ్చి ఉన్నవాళ్లకి సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో ఉన్న ఈ పాత సామాన్ల షాపు బాగా పనికొస్తుంది. నా మదర్‌బోర్డుది ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్, అంటే ర్యామ్‌ని ప్రాసెసర్‌తో కలిపే చిప్పు. ఆన్‌లైన్‌లో కొన్న 256 ఎంబీ ర్యామ్ పెడితే 128 మాత్రమే చూపించేది. షాపాయన స్టిక్ అటూ ఇటూ తిప్పి, "ఎనిమిదే చిప్పులున్నాయి సార్. మీ బోర్డుకి రెండువైపులా కలిపి పదహారున్నదే కావాలి" అన్నాడు. 256 ఎంబీని ఎనిమిది చిప్పుల్లోనే సర్దితే ఒక్కో చిప్పు 256 మెగాబిట్ అవుతుంది, అలాంటి చిప్పుల్ని ఈ చిప్‌సెట్ సగమే గుర్తిస్తుంది మరి. పదహారైతే ఒక్కోటి 128 మెగాబిట్టే. పదహారు చిప్పులది పెట్టి, అక్కడే మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రామ్) నడిపించి ఇచ్చాడు. పెంటియం 3లో చివరి రకమైన టువాలటిన్ ప్రాసెసర్ అడిగితే మాత్రం ఉన్నా అమ్మలేదు, అడాప్టర్ లేకుండా మీ బోర్డు మీద ఆన్ అవదని. ధర కాస్త ఎక్కువే, బేరమాడాల్సిందే. బిల్లు అడిగితేనే ఇస్తాడు. శనివారం సాయంత్రం వెళ్లకండి, నిలబడే చోటుండదు.