హైబ్రిడ్ కారా, మామూలు పెట్రోలు కారా: పదేళ్ల లెక్కలో ఏది మేలు?

మారుతి గ్రాండ్ విటారానే తీసుకుందాం. అదే బండి, అదే 1.5 లీటర్ల తరగతి ఇంజన్. ఒకటి మామూలు పెట్రోలు బండితో సమానమైన మైల్డ్ హైబ్రిడ్ (ఇందులో కరెంటు మోటారు ఇంజనుకు కాస్త సాయం మాత్రమే చేస్తుంది; ఇకపై పెట్రోలు బండి అంటే ఇదే), రెండోది స్ట్రాంగ్ హైబ్రిడ్ (ఇందులో కాసేపు మోటారు ఒక్కటే బండిని నడపగలదు; ఇకపై హైబ్రిడ్ అంటే ఇదే). 2022లో విడుదలైనప్పుడు ధ్రువీకరించిన మైలేజీ మొదటిదానికి మాన్యువల్ గేర్లతో లీటరుకు 21.11, రెండోదానికి 27.97 కిలోమీటర్లు. రోడ్డు మీద ఈ అంకెలు రెండూ తగ్గుతాయి. ఎంత తగ్గుతాయన్నది మీరు తిరిగే దారిని బట్టి ఉంటుంది.

సాయంత్రం ఆరింటికి అమీర్‌పేట సిగ్నల్ దగ్గర హైబ్రిడ్ ఇంజన్ ఆగిపోతుంది, ముందున్న బస్సు రెండు గజాలు జరిగితే మోటారే బండిని లాగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది. ఔటర్ రింగు రోడ్డు మీద ఒకే వేగంతో సాగిపోయేవారికి ఆ అవకాశమే తక్కువ.

లీటరు 107 రూపాయలు, నగరంలో హైబ్రిడ్‌కు 22, పెట్రోలుకు 13 కిలోమీటర్లు అనుకుంటే, కిలోమీటరుకు మిగిలేది సుమారు 3 రూపాయల 37 పైసలు. హైవేలో 20, 17 అనుకుంటే రూపాయి కూడా మిగలదు. మాన్యువల్ పెట్రోలు బండికీ హైబ్రిడ్‌కూ షోరూమ్ ధరలో ఉన్న తేడాకు దాని మీద పడే లైఫ్‌ట్యాక్స్, బీమా కలిపి 4 లక్షలు ఎక్కువ పెట్టామనుకుంటే, ఆ సొమ్ము తిరిగి రావడానికి నగరంలోనే దాదాపు 1,19,000 కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి 10 వేల కిలోమీటర్లు తిరిగేవారికి అది పన్నెండేళ్ల మాట. హైబ్రిడ్ బ్యాటరీకి ఇచ్చే వారంటీయేమో ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది.

చాలామంది మరిచేది వడ్డీ. ఆ 4 లక్షలను 9 శాతానికి ఏడేళ్ల వాయిదాల మీద తెస్తే, మొదటి ఏడాది వడ్డీయే 34 వేల దాకా అవుతుంది; 10 వేల కిలోమీటర్లకు పెట్రోలులో మిగిలేదీ దాదాపు అంతే.

అయితే మాన్యువల్ బండితో పోల్చడం హైబ్రిడ్‌కు కొంత అన్యాయమే, ఎందుకంటే అది ఆటోమేటిక్‌గానే వస్తుంది. ఎలాగూ ఆటోమేటిక్ కొనేవారికి తేడా 2 లక్షలకు దిగితే, నగరంలో రోజుకు 60 కిలోమీటర్లు తిరిగితే మూడేళ్లలోపే గిట్టుబాటవుతుంది. అలాంటివారికి నేను హైబ్రిడే చెబుతాను. వారాంతంలో ఊరికి వెళ్లి రావడానికే బండి తీసేవారికి మాత్రం మామూలు పెట్రోలు చాలు.