పాత ఇంటి లైట్ల లైనుకు ఆర్‌సీసీబీ: కొన్నేళ్లు వాడాక

రాజమండ్రిలో మా నాన్నగారు కట్టించిన ఇంట్లో లైట్లకు, ఫ్యాన్లకు ఎర్త్ వైరే లేదు. చెక్క పట్టీల మీద వైరింగు, పింగాణీ ఫ్యూజులు. వానాకాలంలో గోడ చెమ్మగిల్లితే ఇనుప డబ్బా ఫ్యాన్ రెగ్యులేటర్ ముట్టుకోగానే చెయ్యి జివ్వుమనేది. అమ్మ తడి చేతులతో స్విచ్ వేస్తుంటే ఒకటే టెన్షన్. అందుకే ఫ్యూజులు తీయించి ఎంసీబీలు (ఓవర్‌లోడ్ అయినా, షార్ట్ అయినా లైను ఆపేసే స్విచ్‌లు), వాటికి ముందు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించాను. అది 40 ఆంపియర్ల దాకా మోస్తుంది, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి ట్రిప్ అవుతుంది, అంటే లైను ఆపేస్తుంది.

ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని ఇది చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకన్లలోపే లైను కట్ చేస్తుంది. ఓవర్‌లోడ్‌నూ షార్ట్‌నూ ఆపదు, అందుకు ఎంసీబీ ఉండాల్సిందే. ఎర్త్ లేని లైనులోనూ పనిచేస్తుంది. కానీ అక్కడ చాలావరకు మనిషి ఒంట్లోంచి కరెంటు పారితేనే ట్రిప్ అవుతుంది, అంటే షాక్ తగిలాకే. అందుకని రెగ్యులేటర్లకు, ఇనుప ఫిట్టింగులకు ఎర్త్ కూడా లాగించాం.

అసలు పని న్యూట్రల్ దగ్గర పడింది. పాత ఇళ్లలో దగ్గర్లో ఏ న్యూట్రల్ దొరికితే దానికే కలిపేసి ఉంటారు. మా మెట్ల లైటుకు ఫేజ్ కింది వాటాది, న్యూట్రల్ పై వాటాది. ఆ లైటు వేస్తే చాలు, వెళ్లిన కరెంటు కింది న్యూట్రల్‌లో తిరిగి రాదు కాబట్టి ఆర్‌సీసీబీ ట్రిప్ అయి కిందంతా చీకటి. ఇన్వర్టర్‌తోనూ అదే గొడవ: దానికి ఫేజ్ ఆర్‌సీసీబీకి ముందు నుంచి తీసుకున్నారు, దాని లైట్ల న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీలో కలిసింది. ఆర్‌సీసీబీయే పాడైందని, మార్చేద్దామని ఎలక్ట్రీషియన్ అన్నాడు. ఇంకొకరిని పిలిచి ప్రతి గది న్యూట్రల్‌నూ విడదీయించి, మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి చూపించాకే ట్రిప్ అవడం ఆగింది. ఆర్‌సీసీబీ ఖరీదు కన్నా ఈ కూలీయే ఎక్కువైంది. అయినా చేయించి తీరాల్సిన పని.

ఆ తర్వాత ఊరికే ట్రిప్ అయిన సందర్భం లేదు. ఒక వానాకాలం రాత్రి ట్రిప్ అయితే చూశాం, పెరటి లైటు హోల్డర్‌లోకి నీళ్లు దిగాయి. అంత చిన్న లీకేజీకి ఎంసీబీ కదలదు.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కుతాను. నచ్చనిది ఒక్కటే, ట్రిప్ అయితే లైట్లన్నీ ఒకేసారి పోతాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే లైట్లను రెండు ఆర్‌సీసీబీల మీదకు విడగొట్టించండి. మేమూ ఈ వేసవిలో అదే చేయిస్తున్నాం.